కింద గంగ... పైన మంద!

బెలుం గుహల అడుగున నీళ్లు పారుతుంటాయి. అదే నేల మీద గొర్రెలు నోరెండి నడుస్తుంటాయి. శివరాత్రి నుంచి తొలకరి దాకా మందను నిలబెట్టుకోవడమంటే కాపరికి నాలుగు నెలల కాపలా. ఆ కాపలాలో కన్ను ఎక్కడ మూతపడినా నష్టం ఒక గొర్రెతో ఆగదు.

తెల్లవారి ఆరు గంటలు. బెలుం గుహల దగ్గర టికెట్ల కిటికీ ఇంకా తెరవలేదు. టూరిస్టు బస్సులు రాలేదు. పెద్ద బుద్ధుడి విగ్రహం మీద అప్పుడే ఎండ పడుతోంది. దూరంగా నాపరాళ్ల గుట్టల మధ్య నుంచి దుమ్ము లేచింది. దాని వెనకే మెడలో గంట కట్టిన పొట్టేలు, దాని వెనక డెబ్బై ఎనభై గొర్రెలు. అందరికన్నా వెనక తలపాగా, భుజాన గొంగడి, చేతిలో దోటి... అరవై అయిదేళ్ల పెద్దాయన.

ఆయన నడుస్తున్న నేల కింద గదులున్నాయి, దారులున్నాయి, గంగ కూడా ఉంది. కానీ ఆయన గొర్రెలకు మాత్రం ఈ పూట నీళ్లెక్కడ దొరుకుతాయో తెలియదు!

నీళ్లు మింగే నేల

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో ఉంది బెలుం. బిలం అనే మాటే బెలుం అయిందంటారు. పైనుంచి చూస్తే గుహలున్నట్టే తెలియదు. చదునైన పొలాల మధ్య బావుల్లాంటి గుంతలు. వాటిలో ఒకదాన్లోంచి మెట్లు దిగితే 3,229 మీటర్ల పొడవైన లోకం. బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో ఈ గుహల గురించి రాశాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 1982, 83ల్లో డేనియల్ గెబౌర్ నాయకత్వంలో జర్మన్ బృందం వచ్చి లోపలంతా కొలిచింది. 2002లో సందర్శకులకు తలుపులు తెరిచారు.

గుహల్ని చెక్కింది నీరే. ఇక్కడిది సున్నపురాతి నేల. వాన నీరు గాలిలోంచీ మట్టిలోంచీ కాస్త ఆమ్లాన్ని కలుపుకొని రాతి పగుళ్లలోకి దిగుతుంది. వేల, లక్షల ఏళ్లపాటు రాతిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. అలా ఏర్పడిన దారులే ఈ గుహలు. లోపల పాతాళగంగ అనే పాయ కూడా ఉంది. చూడటానికి వచ్చినవాళ్లకు అదో అద్భుతం. కాపరికి మాత్రం అదే కష్టం. పడిన వాన నేల మీద నిలవదు, పగుళ్లలోంచి కిందికి జారిపోతుంది. మార్చి వచ్చేసరికి కుంటలు నెర్రెలిస్తాయి.

గొర్రెల మందలు ఈ సీమకు కొత్త కాదు. రాయలసీమ, బళ్లారి ప్రాంతాల్లో కనిపించే బూడిద దిబ్బల్ని పరిశీలించినవాడు కూడా ఆ ఫుట్ దొరే. అవి పూర్వకాలపు పశువుల దొడ్లని, పేడ కాలి ఆ దిబ్బలు ఏర్పడ్డాయని తర్వాతి పరిశోధకులు తేల్చారు. పాలమూరు వైపు ఉట్నూరులో 1957లో ఆల్చిన్ తవ్వినప్పుడు పశువుల గిట్టల గుర్తులు కూడా బయటపడ్డాయి. అంటే నాలుగైదు వేల ఏళ్లుగా ఇక్కడి మనిషి దొడ్డి కట్టుకునే బతికాడు. ఇవాళ రొప్పంలో ముళ్లకంప సర్దుతున్న పెద్దాయన ఆ వరసలోని వాడే.

శివరాత్రికి లెక్క మొదలు

‘శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది’ అంటారు. గొర్రెల కాపరి సంవత్సరం అక్కడే మలుపు తిరుగుతుంది. చలికాలంలో ఈనిన పిల్లలు అప్పటికి రెండు మూడు నెలలవి. తల్లి పాలు తగ్గుతుంటాయి, మేత ఇంకా పూర్తిగా ఒంటబట్టదు. వాటి మీద ఒక కన్ను వేసి ఉంచాలి.

రొప్పంలో పెద్దాయన ఒక్కో గొర్రెను కాళ్ల మధ్య ఇరికించుకుంటాడు. బొటనవేలితో కింది కనురెప్ప లాగి చూస్తాడు. ఎర్రగా ఉంటే వదిలేస్తాడు. పాలిపోయి ఉంటే చెవి దగ్గర పసుపు బొట్టు. కడుపులో రక్తం తాగే పురుగులుంటే ముందు తెలిసేది ఆ రెప్ప దగ్గరే. దక్షిణాఫ్రికా పశువైద్యులు 1990ల్లో ఇదే సంగతిని శాస్త్రీయంగా పరీక్షించి, రెప్ప రంగును పోల్చి చూసుకునే కార్డు తయారు చేశారు. చాలా దేశాల్లో ఇప్పుడు దాన్ని వాడుతున్నారు. పెద్దాయన దగ్గర కార్డు లేదు. ఆయనకు బొటనవేలే కార్డు.

పసుపు బొట్టు పడినవాటికి నట్టల మందు. ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. మందు మిగులుతుందని తక్కువ తాగించడం ఒకటి, ఏళ్ల తరబడి ఒకే మందు వాడటం రెండోది. రెండింటివల్లా పురుగులు చావకపోగా మందుకు అలవాటు పడతాయి. అందుకే గొర్రె బరువును బట్టి మోతాదు, అప్పుడప్పుడు మందు మార్పు... ఈ రెండూ పశువైద్యుణ్ని అడిగే చేయాలి.

ఉన్ని ఉన్న గొర్రెలుంటే ఎండలు ముదరకముందే కత్తెర వేస్తారు. పూర్వం ఈ వైపు మందల్లో నల్లటి దక్కనీ గొర్రెలు చాలా ఉండేవి. వాటి ఉన్నితోనే గొంగళ్లు నేసేవారు. మాంసానికి గిరాకీ పెరిగాక ఉన్ని లేని, పొడుగుకాళ్ల నెల్లూరు పొట్టేళ్లను తెచ్చి మందలో కలిపారు. పిల్లలు ఏపుగా పెరుగుతున్నాయి, ఉన్ని మాత్రం తగ్గిపోయింది. పెద్దాయన భుజాన ఉన్న గొంగడి ఆయన తండ్రిది.

మేతలోనే మోసం

ఫిబ్రవరి, మార్చి నెలల్లో పైర్లు కోసేస్తారు. శనగ చేలు, జొన్న చేలు ఖాళీ అవుతాయి. రైతులు పిలిచి మరీ మంద పెట్టించుకుంటారు. రాత్రంతా గొర్రెలు పొలంలో పడుకుంటే నేలకు ఎరువు, కాపరికి కాసిన్ని గింజలో డబ్బులో. ఇద్దరికీ లాభమే. చూడటానికి మందకు పండగలాగే ఉంటుంది. కానీ ఆపద ఉండేదీ అక్కడే.

కళ్లంలో మిగిలిన గింజల కుప్ప మీద ఆకలిగొన్న గొర్రె పడిందా... కడుపు ఉబ్బుతుంది. గింజలు పొట్టలో పులిసి ఆమ్లం పెరిగి, రోజు తిరక్కముందే నేలకూలుతుంది. జొన్నది మరో తీరు. పంట కోశాక ఏ అకాల వానో పడి మోళ్లు చిగురిస్తే పచ్చగా కళ్లకింపుగా ఉంటాయి. ఆ లేత చిగుళ్లలో, నీళ్లందక గిడసబారిన మొక్కల్లో సైనైడు విషం పుట్టించే పదార్థం ఎక్కువ. మేసిన కాసేపటికే గొర్రె రొప్పుతుంది, తూలుతుంది, పడిపోతుంది. వెంటనే ఇంజెక్షన్ పడితే తప్ప బతకదు. అందుకే పెద్దాయన చేలోకి ముందు తాను దిగుతాడు. అటూ ఇటూ తిరిగి చూసి, ఆ తర్వాతే ‘హుర్ర్’ అంటాడు.

ఏప్రిల్ దాటితే పచ్చి అనేదే కనబడదు. అప్పుడు దోటితో కొమ్మలు దించాల్సిందే. వేప, సుబాబుల్, అవిశ ఆకులు, తుమ్మ కాయలు. పచ్చిమేత లేకపోతే విటమిన్ ఎ తగ్గి పొద్దుగూకాక చూపు మందగిస్తుంది. సాయంత్రం రొప్పానికి తోలేటప్పుడు ఏ గొర్రె రాయిని తట్టుకుందో పెద్దాయన గమనించేది అందుకే. రొప్పంలో ఉప్పు, ఖనిజ లవణాల ఇటుక వేలాడదీస్తే వచ్చి నాక్కుంటాయి. చూడి గొర్రెలకు గుప్పెడు దాణా అదనం. తల్లి ఇప్పుడు ఎండిపోతే, రేపు పుట్టే పిల్లకు పాలుండవు.

తలలు దాచుకునే వేళ

మధ్యాహ్నం పన్నెండు. చింతచెట్టు కింద మంద ముద్దగా నిలబడి ఉంది. ఒక్క తలా కనిపించదు! ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చుకుని, పక్కదాని నీడలో మొహం దాచుకున్నాయి. చూసేవాళ్లకు నవ్వొస్తుంది. గొర్రెకు అది బతుకుపాట్లు. దాని ఒంటి వేడి మామూలుగానే 102, 103 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఉంటుంది. మనిషిలా చెమట కార్చి చల్లబడలేదు. ఎగశ్వాసతోనే వేడిని బయటికి పంపాలి. నోరు తెరిచి, నాలుక చాచి రొప్పుతోందంటే ఇక హద్దు దాటుతున్నట్టే.

కాబట్టి మేత వేళలు మారిపోతాయి. తెల్లవారుజామున నాలుగు, అయిదింటికి తోలితే పదింటికల్లా నీడకు చేర్చాలి. మళ్లీ సాయంత్రం నాలుగు తర్వాతే. వెన్నెల రాత్రుల్లో పొద్దుపోయేదాకా మేపుతారు. పొట్టేళ్లకు ఇంకా జాగ్రత్త కావాలి. ఎండదెబ్బ తగిలిన పొట్టేలు వారాల తరబడి గొర్రెల్ని చూడి కట్టించలేదు. ఆ నష్టం అప్పుడు కనిపించదు. అయిదు నెలల తర్వాత, పిల్లలు తక్కువ పుట్టినప్పుడు తెలుస్తుంది.

పెద్ద గొర్రెకు వేసవిలో రోజుకు నాలుగైదు లీటర్ల నీళ్లన్నా కావాలి. ఎనభై గొర్రెలకు లెక్కేస్తే మూడు, నాలుగు వందల లీటర్లు. పాడుబడ్డ నాపరాళ్ల గుంతల్లో నిలిచిన నీళ్లే కొన్నిసార్లు దిక్కు. అంచు జారితే గొర్రె తిరిగి రాదు. ఈ బాధ పడలేక కొందరు మందల్ని తోలుకుని నంద్యాల, ఆళ్లగడ్డ వైపు కేసీ కాలువ కింది పొలాలకు వెళ్తారు. అక్కడ నీళ్లున్నాయి, పచ్చిక ఉంది, దాంతోపాటు జలగ వ్యాధీ ఉంది. చిత్తడి నేలల్లోని నత్తలే ఆ పురుగుకు ఇల్లు. కాలువ గట్టు గడ్డితోపాటు అది కడుపులోకి పోయి కాలేయంలో చేరుతుంది. కొన్నాళ్లకు దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంది. అందుకే అనుభవమున్నవాళ్లు మడుగులో దింపరు, తొట్టిలో నీళ్లు తోడి పోస్తారు.

చిటుకు వేసేంతలో...

వేసవంతా ఇన్ని కష్టాలు పడి కాచుకున్న మందకు అసలు గండం ఎండ కాదు. మొదటి వాన!

చాలా ఏళ్ల కిందటి మాట. పెద్దాయనకు ఆ ఏడాది మంద బాగా కలిసొచ్చింది. కూతురి పెళ్లికి పిల్లల్ని అమ్మాలని లెక్క వేసుకున్నాడు. జూన్ మొదట్లో మంచి వాన. వారం తిరిగేసరికి బీళ్లన్నీ పచ్చబడ్డాయి. నాలుగు నెలలు ఎండుగడ్డి నమిలిన పిల్లలు ఆబగా మేశాయి. మర్నాడు తెల్లారి రొప్పం తీస్తే పదకొండు పిల్లలు కాళ్లు బార్లా చాపి పడున్నాయి. అన్నీ బాగా బలిసినవే. బక్కవి మాత్రం లేచి నిలబడ్డాయి.

‘‘వానొస్తే ఊరంతా సంబరపడతాది నాయనా. గొర్లోనికి ఆ పొద్దే గుండెల్లో దడ’’ అంటాడాయన ఇప్పటికీ.

ఆ జబ్బు పేరు చిటుకు రోగం. చిటికె వేసేంతలో ప్రాణం పోతుంది కాబట్టి ఆ పేరు. దాన్ని తెచ్చే సూక్ష్మజీవి బయటి నుంచి రానక్కర్లేదు. గొర్రె పేగుల్లోనే తక్కువ సంఖ్యలో ఉంటుంది. ఒక్కసారిగా లేతగడ్డో గింజలో ఎక్కువగా పడితే విపరీతంగా పెరిగి విషం కక్కుతుంది. బాగా మేసే పిల్లలే ముందు పోవడానికి కారణం అదే. పడిపోయాక చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ముందే చేయగలిగింది మాత్రం ఉంది... టీకా! వానలకు ముందు, మేలోనే వేయించాలి. మొదటిసారి వేసే పిల్లలకు రెండు మూడు వారాల తేడాతో రెండు మోతాదులు. టీకా వేసిన రోజే రక్షణ రాదు, ఒంట్లో శక్తి పుట్టడానికి రెండు వారాలన్నా పడుతుంది. మబ్బు పట్టాక పరిగెత్తితే ఆలస్యమైనట్టే.

పారుడు రోగం టీకా మూడు నాలుగు నెలలు దాటిన పిల్లలకు ఒకసారి వేస్తే మూడేళ్లు కాపాడుతుంది. పశువుల ప్లేగుగా పేరుపడ్డ రిండర్‌పెస్ట్‌ను 2011 నాటికి ప్రపంచమంతా కలిసి తరిమేసింది. దాని దగ్గరి చుట్టమైన ఈ పారుడు రోగాన్ని కూడా 2030 నాటికి లేకుండా చేయాలన్నది అంతర్జాతీయ లక్ష్యం. ఆ పెద్ద లక్ష్యంలో బెలుం రొప్పంలోని ప్రతి పిల్లా ఒక లెక్కే. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు 7.4 కోట్లకు పైనే. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లవే అందులో దాదాపు సగం.

మనవడి ఫోను

పెద్దాయనకు ఇప్పుడు బెంగ రోగాల గురించి కాదు. బీళ్లు తగ్గిపోతున్నాయి. ఒకవైపు నాపరాళ్ల గనులు, మరోవైపు సిమెంటు ఫ్యాక్టరీలు. తరాలుగా మంద నడిచిన దారికి అడ్డంగా కంచెలు. కొడుకు రాళ్ల ఫ్యాక్టరీలో పనికి పోతున్నాడు. మనవడు నంద్యాలలో డిగ్రీ చదువుతున్నాడు. ‘తర్వాత దోటి పట్టేదెవరు?’ అని ఇంట్లో ఎవరూ పైకి అడగరు.

అయితే సెలవులకు వచ్చిన మనవడు ఈసారి ఒక పని చేశాడు. పాత నోటు పుస్తకం తీసి ప్రతి గొర్రెకూ ఒక గీత గీశాడు. ఏది ఎప్పుడు ఈనింది, దేనికి మందు పట్టారు, దేనికి టీకా పడింది... అన్నీ రాశాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో సంచార పశువైద్య వాహనాలు మొదలయ్యాయి కదా, ఆ 1962 నంబరు రొప్పం పక్కనున్న బండ మీద సుద్దతో పెద్దగా రాశాడు.

‘‘తాతా, ఆస్పత్రికి ఫోన్ చేసినా. చిటుకు టీకా బేస్తవారం ఏస్తారంట. ఆ పొద్దు మందను దూరం తోలాకు.’’

‘‘ఇంకా మబ్బే లేదు కదరా, తొందరేముంది?’’

‘‘మబ్బొచ్చినాక ఏం లాభమని నువ్వే కదా చెప్తావు!’’

పెద్దాయన మాట్లాడలేదు. పక్కనున్న పిల్లను ఒళ్లోకి లాక్కుని కనురెప్ప కిందికి లాగి చూశాడు. తర్వాత మనవడి బొటనవేలు పట్టుకుని అదే చోట పెట్టాడు.

‘‘ఎట్లుంది?’’

‘‘ఎర్రగుంది తాతా.’’

‘‘అయితే రాసుకో’’ అన్నాడు.