తీరొక్క కృప



పోయిన బుధవారం ప్రార్థన కూటములో మేము ఒక తప్పు చేశాము. ఉట్నూరు వైపు నుండి వచ్చిన ఒక అవ్వ గోండి భాషలో ప్రార్థన మొదలుపెట్టింది. "అవ్వా, అందరికీ అర్థమయ్యేటట్టు తెలుగులో చెయ్యి" అన్నాము. ఆమె రెండు తెలుగు మాటలు వెతుక్కొని, ఆమేన్ అని కూర్చుంది. కూటమి అయ్యేవరకు మళ్లీ నోరు తెరువలేదు.

ఆ రాత్రి ఆదివారపు వాక్యమునకు సిద్ధపడుచు, ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 3:10లో "నానావిధమైన" అనే మాట దగ్గర ఆగిపోయాము. దేవుని జ్ఞానము ఎటువంటిదో చెప్పే మాట అది. నానా అంటే వేరువేరు, విధము అంటే రకము. సంస్కృతం నుండి వచ్చినవి. పౌలు వ్రాసిన గ్రీకు మాట "పోలుపొయికిలోస్". పోలు అంటే అనేకము, పొయికిలోస్ అంటే రంగురంగులది. యోసేపు తొడుక్కున్న అంగీకి పాత గ్రీకు అనువాదములో వాడినది ఈ పొయికిలోసే. 1 పేతురు 4:10లో దేవుని కృపకు కూడా ఇదే మాట. "పోలు" చేర్చిన రూపము మాత్రం క్రొత్త నిబంధన అంతటిలో ఎఫెసీ పత్రికలో ఒక్కసారే కనబడుతుంది.

మన కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో దీనికి చక్కగా సరిపోయే మాట ఉంది: తీరొక్క. తీరు అంటే రీతి. ఒక్కొక్కటి ఒక్కో తీరు. తంగేడు, గునుగు, బంతి, కట్ల ఒక్కచోట చూస్తే "తీరొక్క పువ్వు" అంటాము. గమనించండి, అనేకమును చెప్పే ఆ మాటలోనే "ఒక్క" ఉన్నది. ఏ ఒక్కటీ లెక్క తప్పిపోదు. గునుగును తంగేడులా పూయమని ఎవరూ అడుగరు.

పౌలు ఆ మాట వాడినది ఎక్కడ? యూదులు, అన్యజనులు ఒకే శరీరమైన సంగతి చెప్పుచున్న చోట. అన్యజనులు యూదులుగా మారితేనే చోటు అని ఆయన చెప్పలేదు. మరి గోండి, కొలామి, లంబాడీ, మరాఠీ మాట్లాడే ఇండ్లున్న ఈ ప్రాంతములో మేము అవ్వను ఏమడిగాము?

అర్థం కావద్దా అంటారేమో. కావాలి. పక్కనే కూర్చున్న మనుమరాలితో తెలుగులో చెప్పిస్తే సరిపోయేది. మాకు ఆ ఓపిక లేకపోయింది.

మరునాడు అవ్వ ఇంటికి పోయి క్షమాపణ అడిగాము. ఆమె ఏమీ అనలేదు, చాయ్ పెట్టింది. వచ్చే బుధవారం ఆమె తన భాషలో ప్రార్థించునట్లు ప్రార్థించండి. మేము వినడం నేర్చుకొనునట్లు కూడా ప్రార్థించండి. ఆమేన్.