సముద్రం అందరిదీ, మరి దారి?
గోవాలోని ఒక చిన్న బీచ్‌కు వెళ్లే బాట సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. గెలిచింది. ఆ గెలుపు ఏడాదైనా నిలవలేదు

పనాజీకి ఒక కొసన దోనా పౌలా. పర్యాటకుల బస్సులన్నీ ఆగే చోటు. అక్కడి నుంచి తీరం వెంట తూర్పుకు కొద్ది దూరం పోతే వైంగినిమ్ అనే బుల్లి బీచ్ వస్తుంది. ఎర్రరాతి గట్టు, కొబ్బరిచెట్లు, ఎదురుగా జువారి నది సముద్రంలో కలిసే విశాలమైన మొగ, దానికి ఆవల మర్మగోవా రేవులో లంగరేసిన ఓడలు. కలంగుట్, బాగా బీచ్‌లలోని హోరు ఇక్కడ లేదు. గైడు పుస్తకాల్లో దీనికి దక్కేది ఒకటి రెండు వాక్యాలే. న్యాయశాస్త్రం చదివే విద్యార్థులకు మాత్రం ఇది బాగా తెలిసిన ఊరు. సముద్రతీరం మీద సామాన్యుడి హక్కు గురించి భారతదేశంలో ఎవరు మాట్లాడినా ఈ నాలుగడుగుల ఇసుక ప్రస్తావన రాక తప్పదు.

బీచ్‌ను ఆనుకుని ఉన్నది సిడాడ్ డి గోవా హోటల్ (ఇప్పుడు తాజ్ పేరుతో నడుస్తోంది). వాస్తుశిల్పి చార్లెస్ కొరియా దాన్ని ఒక చిన్న పోర్చుగీసు పట్నంలా రూపొందించారు. 1982లో తలుపులు తెరిచింది. గోడల మీద నిజమనిపించే కిటికీల బొమ్మలు, తలుపుల బొమ్మలు, వాటి వెనక నుంచి తొంగిచూసే మనుషుల బొమ్మలు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. లేని దారులను ఇంత అందంగా చిత్రించిన చోటే ఉన్న దారి కోసం రెండు దశాబ్దాలు కోర్టు నడవడం విచిత్రం.

వివాదం మూలం భూసేకరణలో ఉంది. హోటల్ కోసం కంపెనీ కొంత భూమి కొనుక్కుంది. మరికొంత భూమిని ప్రభుత్వం 1894 నాటి భూసేకరణ చట్టం కింద సేకరించి ఇచ్చింది. ప్రైవేటు హోటల్‌కు ప్రభుత్వం భూమి సేకరించి పెట్టాలంటే అందులో జనానికి ఏదో ఒక ప్రయోజనం చూపించాలి. అందుకే 1983లో కుదిరిన ఒప్పందంలో బీచ్‌కు వెళ్లే దారిని జనానికి ఎలాంటి ఆటంకమూ లేకుండా ఉంచాలన్న షరతు చేరింది. తర్వాత ఆ స్థలంలోకే హోటల్ విస్తరణ కట్టడం వచ్చింది. 1990ల మొదట్లో స్థానికులు, గోవా ఫౌండేషన్ అనే పర్యావరణ సంస్థ హైకోర్టుకెక్కారు.

బయటివాళ్లకు ఇది వింతగా తోచవచ్చు. ఒక బీచ్‌కు పోయే కాలిబాట కోసం ఇంత పట్టుదలా? గోవా పల్లెల్లో కాలిబాట అంటే ఏమిటో తెలిస్తే ఆ ప్రశ్న రాదు. చర్చికి, పొలానికి, బావికి, రేవుకు పోయే దారులు అక్కడ ఒకరి కొబ్బరితోటలోంచి, మరొకరి పెరట్లోంచి సాగుతుంటాయి. దస్తావేజుల్లో ఉండేవి కొన్ని, తాతల నాటి నడకే ఆధారంగా ఉండేవి కొన్ని. జాలరికి ఆ బాట మరీ ముఖ్యం. అక్కడి రాంపణ్ వల మన ఉత్తర కోస్తాలోని అలివి వల లాంటిదే. పడవ మీద తీసుకెళ్లి సముద్రంలో అర్ధచంద్రాకారంగా విడిచి, రెండు కొసలనూ ఒడ్డున నిలబడి పదుల మంది లాగాలి. వల మోసుకురావడానికి, చేపల గంపలు ఎత్తుకుపోవడానికి బాట కావాలి. లాగడానికి, ఆరబెట్టడానికి ఖాళీ ఇసుక కావాలి. 1970లలో మరపడవల మీద పోరాడి దేశంలోనే పేరుపడ్డ ఈ రాంపణ్‌కార్లకు తర్వాతి దశాబ్దాల్లో ఎదురైన చిక్కు సముద్రంలో కాదు, ఒడ్డునే.

చట్టంలోని మెలిక కూడా ఇక్కడే ఉంది. పోటు గరిష్ఠంగా వచ్చే గీతకు దిగువన ఉన్న తడి ఇసుక ఎవరి సొత్తూ కాదు. దాని మీద నడిచేవాడిని ఏ హోటలూ ఆపలేదు. అప్పట్లో గోవాను ఏలుతున్న పోర్చుగల్ తన దేశంలో సముద్రతీరాలను ప్రజల సొత్తుగా 1864లోనే ప్రకటించింది. కానీ ఆ ఇసుక దాకా చేరేదెలా? వెనక ఉన్న పట్టా భూమి ఒకరిది. దాని చుట్టూ ప్రహరీ కడితే, బీచ్ కాగితం మీద మాత్రమే అందరిదవుతుంది.

దీన్ని గుర్తించని వాళ్లు లేరు. తీరం నుంచి 500 మీటర్ల వరకు కట్టడాలు వద్దంటూ 1981లో ఇందిరాగాంధీ తీర రాష్ట్రాల ముఖ్యమంత్రులకు లేఖ రాశారు. 1991 ఫిబ్రవరిలో వచ్చిన కోస్తా నియంత్రణ మండలి (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్ ఇంకో అడుగు వేసింది. బీచ్‌కు జనం వెళ్లేందుకు ఏ రెండు రిసార్ట్‌ల మధ్యనైనా కనీసం 20 మీటర్ల వెడల్పు ఖాళీ ఉండాలంది. అంతటితో ఆగినా బాగుండేది. ఆ ఖాళీలు ఎట్టి పరిస్థితుల్లోనూ 500 మీటర్ల కన్నా దగ్గరగా ఉండకూడదని అదే వాక్యంలో చేర్చింది. అంటే జాలరి అర కిలోమీటరు నడిస్తే గాని అతనికి ఒక సందు దొరకనక్కర్లేదు. జనం కోసం రాసిన నిబంధనలో హోటల్‌కు ఇంత వెసులుబాటు ఎలా దూరిందో రాసినవారికే తెలియాలి.

వైంగినిమ్ కేసులో 2000లో బొంబాయి హైకోర్టు గోవా బెంచి స్థానికుల వైపు తీర్పిచ్చింది. కంపెనీ సుప్రీం కోర్టుకు వెళ్లింది. 2009 జనవరి 20న జస్టిస్ బి.ఎన్. అగర్వాల్, జస్టిస్ జి.ఎస్. సింఘ్వీల ధర్మాసనం అప్పీలును కొట్టేసింది. నదులు, అడవులు, తీరాల వంటి ప్రకృతి సంపదకు ప్రభుత్వం యజమాని కాదు, ధర్మకర్త మాత్రమే. ప్రజల హక్కుకు అడ్డొచ్చేలా దాన్ని ప్రైవేటు చేతుల్లో పెట్టే అధికారం ధర్మకర్తకు లేదు - తీర్పు సారాంశం ఇదీ. రోమన్ల కాలం నాటి ఈ సూత్రాన్ని 1996లో బియాస్ నది ఒడ్డున ఒక మోటెల్ కేసులో సుప్రీం కోర్టు మన దేశ చట్టంలో భాగమని ప్రకటించింది. వైంగినిమ్ తీర్పు దాన్ని సముద్రపు ఒడ్డుకు తెచ్చింది. దారికి అడ్డంగా వెలిసిన విస్తరణ కట్టడాన్ని కూల్చాల్సిందేనంది.

కూల్చలేదు. గోవా ప్రభుత్వం అదే ఏడాది హడావుడిగా ఆర్డినెన్స్ తెచ్చి, ఆనక దాన్ని చట్టం చేసింది. భూసేకరణ చట్టానికి గోవా వరకు చేసిన ఆ సవరణ ప్రకారం పాత ఒప్పందాల్లోని షరతులను మార్చుకోవచ్చు, లేచిన కట్టడాలు నిలబడతాయి. పైగా ఈ సవరణ 1964 నుంచే అమల్లో ఉన్నట్టు భావించాలట. హోటల్ పునాది పడక మునుపటి సంవత్సరమది! గోవా ఫౌండేషన్ దీన్నీ సవాలు చేసింది. తీర్పుకు ఆధారమైన చట్టాన్నే మార్చే అధికారం చట్టసభకు ఉందంటూ 2016లో సుప్రీం కోర్టు సవరణను సమర్థించింది. న్యాయశాస్త్రం ప్రకారం అందులో తప్పు పట్టడం కష్టమే కావచ్చు. ధర్మకర్తే ధర్మకర్తృత్వపు షరతులు తిరగరాసుకుంటే అడిగేదెవరన్న ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. 2009 తీర్పులోని సూత్రం చెక్కుచెదరలేదు. నెగ్గిన కేసులో కూలాల్సిన గోడ కూడా చెక్కుచెదరలేదు.

ఆ 2009లోనే, నవంబరులో, ఇంగ్లండ్ తీరం పొడవునా జనం నడిచేందుకు బాట ఏర్పరిచే చట్టాన్ని బ్రిటిష్ పార్లమెంటు ఆమోదించింది. భారత్‌లో అలాంటి చట్టం లేదు. ఉన్నవి నోటిఫికేషన్లు, ఎక్కడికక్కడ కేసులు. 2019 నాటి కొత్త సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ జనసాంద్రత ఎక్కువున్న గ్రామీణ తీరాల్లో కట్టడాలు నిషిద్ధమైన మేరను 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు కుదించింది. గోడ సముద్రానికి ఎంత దగ్గరైతే బాట అంత ఇరుకవుతుంది.

తెలుగు తీరానికీ ఈ అనుభవం కొత్త కాదు. 1990లలో నెల్లూరు ప్రాంతంలో రొయ్యల చెరువులు బారులు తీరినప్పుడు జాలరిపల్లెల దారులు మూసుకుపోయాయి. 1996లో సుప్రీం కోర్టు ఇచ్చిన రొయ్యల చెరువుల తీర్పులో ఆ గోడు కూడా నమోదైంది. విశాఖలో రుషికొండ బీచ్‌కు 2023లో రూ. 20 ప్రవేశ రుసుము పెట్టాలని చూసి, జనం గగ్గోలు పెట్టడంతో వెనక్కి తగ్గారు. రుసుము పెడితే వార్త అవుతుంది. ప్రహరీ ఒక్కో రాయి పేర్చుకుంటూ వస్తే కాదు.

గోవా వెళ్లేవారికి ఈ చట్టమంతా కళ్లకు కట్టే చోటు దక్షిణాన ఉంది. కోల్వా దగ్గర రోడ్డు నేరుగా ఇసుకలోకి దిగుతుంది. అక్కడి నుంచి సాల్ నది మొగ దగ్గరి మోబోర్ దాకా తెగని తెల్లని ఇసుక. పోటు తీసిన వేళ బయలుదేరితే ఒకదాని తర్వాత ఒకటిగా పెద్ద రిసార్ట్‌ల ముందు నుంచే నడిచిపోవచ్చు. గొడుగుల కింద పడుకున్న విదేశీయులు, వల బాగుచేసుకుంటున్న జాలర్లు అదే ఇసుక మీద కనిపిస్తారు. కాపలాదారు చూస్తాడే గాని ఆపడు, ఆపలేడు. చిక్కల్లా పోటు మళ్లీ ఎక్కేలోగా ఊళ్లోకి పోయే సందు వెతుక్కోవడంలోనే.