దాచినది దక్కాలంటే

దాచుకోవడం మానవ స్వభావం. మన పెద్దలు ధాన్యాన్ని గాదెలలో, దస్తావేజులను ఇనుప పెట్టెలలో, కవితలను బయాజులలో దాచుకున్నారు. ఈ కాలపు విద్యార్థులమైన మేము కంప్యూటర్లలో దాచబూనాము. అందులో మాకు కలిగిన అనుభవాన్ని పాఠకుల ముందుంచుటయే ఈ వ్యాసోద్దేశం.

మా కళాశాల పాత వార్షిక సంచికల ఉర్దూ, తెలుగు పుటలు చెదలపాలు కాకమునుపే స్కాన్ చేసి భద్రపరచాలని సంకల్పించాము. కీర్తిశేషులైన ఒక ఉర్దూ అధ్యాపకుల చేతివ్రాత బయాజును కూడా వారి సతీమణి నమ్మకంతో మాకిచ్చారు. పని ముగియగానే దానిని భద్రంగా తిరిగి అప్పగించాము.

ఫైలును ఒక పేరుతో 'బకెట్'లో ఉంచి, ఆ పేరుతోనే తిరిగి అడిగి తీసుకొనే పద్ధతిని అమెజాన్ సంస్థ 2006లో ఎస్3 అను సేవగా ప్రారంభించింది. నెలనెలా అద్దె చెల్లించే స్తోమత మాకు లేదు. కనుక అదే పద్ధతిని సొంత యంత్రాలపై నడిపే మినియోను ఎంచుకొని, ప్రయోగశాలలో మూలపడిన నాలుగు కంప్యూటర్లను కుబెర్నెటీస్‌తో ఒక జట్టుగా కూర్చాము. గూగుల్ 2014లో వెలువరించిన ఆ సాఫ్ట్‌వేరు పేరుకు గ్రీకు భాషలో చుక్కాని పట్టువాడని అర్థం. ఒక కంటెయినర్ పడిపోతే అది మరొకదానిని నిలబెడుతుంది. అయితే కంటెయినర్ సత్రంలోని బాటసారి వంటిది. దానిలోనే దాచిన సొమ్ము దానితోనే పోతుంది. అందుచేత ఫైళ్లను దానికి వెలుపల, డిస్కుపై శాశ్వత వాల్యూములలో ఉంచాము.

మినియో ప్రతి ఫైలును రెండు అసలు ఖండాలుగా, రెండు రక్షణ ఖండాలుగా చేసి నాలుగు డిస్కులకు పంచింది. చోటు సగమే దక్కినా, రెండు డిస్కులు చెడినను పుటలు చదువుకోవచ్చు. ఒక కంప్యూటరు తీగ లాగి చూశాము. పుట తెరుచుకున్నది. మా గర్వానికి మేర లేకపోయింది.

అమరికలో ఏదో పొరపాటు దొర్లగా, మొదటినుండి సరిగా కడదామని ఒకనాటి సాయంకాలం నేమ్‌స్పేస్‌ను తొలగించాము. దానితో వాల్యూముల కేటాయింపులు రద్దయినవి. అట్లా విడుదలైన వాల్యూమును ఏమి చేయాలన్న నియమం 'డిలీట్' అని ఉన్నది. దానిని 'రిటెయిన్'గా మార్చాలని మాకు తోచలేదు. నాలుగు డిస్కులూ ఆరోగ్యంగానే ఉన్నాయి. పుటలు మాత్రం లేవు. యంత్రం చెడితే కాపాడే ఏర్పాటు, మన ఆజ్ఞయే తప్పయినప్పుడు కాపాడదు. ఆ తప్పును నాలుగుచోట్లా విధేయతతో నెరవేరుస్తుంది.

సంచికలు గ్రంథాలయంలో ఉన్నాయి గనుక మళ్లీ స్కాన్ చేయవచ్చు. మరి బయాజు? తలలు వంచుకొని ఆ తల్లి ఇంటికి వెళ్లి జరిగినది చెప్పాము. ఆమె కోపగించలేదు. పెట్టె తెరచి బయాజును మళ్లీ మా చేతిలో పెట్టి, "బేటా, ఆయన తనకు నచ్చిన గజల్‌ను రెండు పుస్తకాలలో వ్రాసేవారు. ఒకటి ఇంట్లో, ఒకటి స్నేహితుని ఇంట్లో" అన్నారు.

పుస్తకాలు నేర్పనిది ఆ ఒక్క మాట నేర్పింది. ఇప్పుడు నియమం 'రిటెయిన్'గా ఉన్నది. ప్రతి వారం ఒక ప్రతిని, ఈ జట్టుతో సంబంధంలేని వేరొక డిస్కుపైకి ఎక్కించి గ్రంథాలయపు బీరువాలో ఉంచుతున్నాము. నెలకొకసారి ఆ ప్రతినుండి ఒక పుటను తెరచి చూస్తున్నాము. తెరచి చూడని ప్రతి ఉన్నదో లేదో ఎవరికి తెలుసు? మా తరువాత ఈ బాధ్యతను స్వీకరించే సోదర సోదరీమణులు ఈ అలవాటును మానరాదని మా మనవి.