ఇరవై గంటల పిల్లలు

అమెరికాలో విశ్వవిద్యాలయాన్ని పగలు ప్రొఫెసర్లు నడుపుతారు, సాయంత్రం ఐదు దాటాక పిల్లలు నడుపుతారు. లైబ్రరీ డెస్కులో పుస్తకాలిచ్చేది, డైనింగ్ హాల్లో వడ్డించేది, పాస్‌వర్డ్ మరిచిపోయిన పెద్దమనిషికి ఫోన్లో ఓపిగ్గా కొత్తది పెట్టించేది, జిమ్‌లో తువాళ్లు అందించేది, అర్ధరాత్రి ఆఖరి తలుపు వేసేది, అందరూ పాతికేళ్లు నిండీ నిండనివాళ్లే. గంటల లెక్కన జీతం. మిడ్‌వెస్ట్‌లో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం లైబ్రరీలో ఈ పిల్లల చేత పని చేయించడం నా ఉద్యోగం. ఊళ్లో చెబితే "అంటే హాస్టల్ వార్డెనా అమ్మా?" అంటారు. కాదు. నేను అన్నం పెట్టను, ఎప్పుడు నిద్రపోయావని అడగను, పెళ్లి సంబంధాలు చూడను. చివరిదాని కోసం ఫోన్ చేసినవాళ్లూ ఉన్నారు.

చదువుకుంటూ పొట్ట పోసుకోవడం మనకు కొత్త కాదు. వారాలు చేసుకుని చదువుకున్న తాతలు మన ఇళ్లలో చాలామందికి ఉన్నారు. సోమవారం ప్లీడరు గారింట్లో, మంగళవారం కరణం గారింట్లో భోజనం. పెట్టినవారి పుణ్యం పెట్టినవారిది, తిన్న పిల్లవాడి మొహమాటం వాడిది. ఏ బుధవారమో ఆ ఇంటివాళ్లు ఊరెళితే ఆ పూట పస్తే. అడిగే హక్కు ఎక్కడుంది? అమెరికావాళ్లు పుణ్యం మాట ఎత్తకుండా పని లెక్క పెట్టారు. కెంటకీలో 1855లో పుట్టిన బెరియా కళాశాలలో ఈనాటికీ విద్యార్థి చేత ట్యూషన్ ఫీజు కట్టించరు. ప్రతి ఒక్కరూ వారానికి కనీసం పది గంటలు కళాశాలలో ఏదో ఒక పని చేయాలి. 1964లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పేదరికం మీద యుద్ధమంటూ తెచ్చిన చట్టంతో ఫెడరల్ ప్రభుత్వమే పేద విద్యార్థుల జీతంలో పెద్ద వాటా భరించడం మొదలైంది. వర్క్-స్టడీ అంటారు దాన్ని. ఇప్పుడు సాధారణంగా ముప్పాతిక వంతు దాకా ప్రభుత్వం ఇస్తుంది. అయితే అది విదేశీ విద్యార్థులకు వర్తించదు. అంచేత ఒకే డెస్కు వెనక, ఒకే జీతానికి పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో అమెరికా పిల్ల మా డిపార్టుమెంటుకి చవక, మన పిల్లవాడు ఖరీదు. ఈ సంగతి అతనికి తెలియదు. నేనూ చెప్పను.

ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వచ్చినవాళ్లు సెమిస్టరు నడుస్తున్నన్నాళ్లూ క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటలకు మించి పని చేయకూడదు. సెలవుల్లో ఆ పరిమితి లేదు. ఇరవై అన్న అంకె శంషాబాద్‌లో విమానం ఎక్కకముందే పిల్లలకు కంఠస్థం. దిగాక వాట్సాప్ గ్రూపుల్లో కుశలప్రశ్న ఒక్కటే: "ఆన్-క్యాంపస్ దొరికిందా?" అన్ని కొలువులూ కలిపితేనే ఆ ఇరవై. డైనింగ్‌లో పన్నెండు చేస్తుంటే నా దగ్గర మిగిలేవి ఎనిమిదే. స్థానిక విద్యార్థి ఓ గంట ఎక్కువ చేస్తే నాకు బడ్జెట్ గొడవ. మన పిల్లవాడు చేస్తే అతనికి వీసా గొడవ. అందుకని వారం ముగిసేలోగా నేనూ డైనింగ్ మేనేజరూ ఎవరెవరు ఎన్ని గంటలు చేశారో కలిపి చూసుకుంటాం. ఎవరైనా షిఫ్ట్ డ్రాప్ చేస్తే "నేను కవర్ చేస్తా" అని ముందు మెసేజి పెట్టేది మనవాళ్లే. "వద్దు నాయనా, నీకు ఇప్పటికే పంతొమ్మిది అయ్యాయి" అంటే మొహం చిన్నబోతుంది. పోనీ కాగితం మీద ఎక్కకుండా ఉండిపోతానంటాడు ఒకడు, పుణ్యానికే చేస్తానంటాడు ఇంకొకడు. రెండూ కుదరవు. జీతం ఇచ్చి చేయించాల్సిన పనిని ఊరికే చేయించుకోవడం తప్పే. అర్ధరాత్రి తలుపులు వేసి, పై అంతస్తులో నిద్రపోతున్నవాళ్లను లేపి పంపి, లైట్లు ఆర్పే పావుగంట కూడా జీతంలోకే వస్తుంది. "ఓ ఐదు నిమిషాలు ఆగు బాబూ" అన్న మాట సూపర్‌వైజరు నోట రాకూడదని నా పట్టుదల.

మొదటి పే స్టబ్, అంటే జీతం చీటీ, తెచ్చి చూపించమంటాను. కొత్తగా వచ్చిన ఎఫ్-1 విద్యార్థి జీతంలో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు పడకూడదు. పడ్డాయంటే జీతాల ఆఫీసులో ఎవరో తప్పు గడి నొక్కారన్నమాట. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. భారత్–అమెరికా పన్నుల ఒప్పందం 21వ అధికరణం కింద మన విద్యార్థులు స్టాండర్డ్ డిడక్షన్ తీసుకోవచ్చు. పక్కనే కూర్చున్న నేపాలీ కుర్రాడికి ఆ వీలు లేదు. దీనివల్ల సొమ్ము మిగులుతుందని తెలిసిన రోజున వాళ్ల కళ్లలో కనిపించే వెలుగు ఏ ప్రశంసాపత్రం ఇచ్చినప్పుడూ నాకు కనబడలేదు.

ఇక మనుషుల సంగతి. అమెరికా పిల్లలు నన్ను పేరు పెట్టి పిలుస్తారు. రెండు వారాల ముందే వచ్చి "ఆ మంగళవారం నాకు పరీక్ష, రాను" అంటారు. అడగడం కాదు, తెలియజేయడం. మన పిల్లలు నన్ను మేడమ్ అంటారు. ఎంత చెప్పినా పేరు నోట రాదు. ఓ ఏడాది గడిచాక, డెస్కు దగ్గర ఇంకెవరూ లేనప్పుడు, అక్కా అంటారు. వీళ్లకి పరీక్ష ఉన్నా చెప్పరు, జ్వరం వచ్చినా చెప్పరు. ఒళ్లు కాలిపోతుంటే జాకెట్టు మీద జాకెట్టు తొడుక్కుని వచ్చి కూర్చుంటారు. అది చూసి నా సహోద్యోగులు "ఇండియా పిల్లల శ్రద్ధే వేరు" అని మురిసిపోతారు. అది శ్రద్ధ కాదు, భయం. బ్యాంకు లోను మీద వడ్డీ పెరుగుతోంది, వచ్చే సెమిస్టరు ఫీజుకి నాన్న ఎవరినో అడిగి ఉన్నాడు, ఈ డెస్కు పోతే అద్దెకు లేదు. భయపడి చేసే పనిని మెచ్చుకుంటే ఆ భయాన్ని ఇంకాస్త ముదరబెట్టినట్టే. కాబట్టి మన పిల్లలకు మొదటి నెలలో నేను నేర్పేది పుస్తకాలు సర్దడం కాదు, "ఈ రోజు రాలేను" అని మెసేజి పెట్టడం. అది వాళ్లకు చాలా కష్టమైన పాఠం. ఒకమ్మాయి ఆ రెండు ముక్కలు రాయడానికి ఆరు వాక్యాల క్షమాపణ రాసింది. రెండోసారి మూడు వాక్యాలకు దిగింది. అప్పుడు మెచ్చుకున్నాను.

పుస్తకాలు సర్దడం తేలికనుకునేవాళ్లు ఒక్కసారి క్యూఏ76 దగ్గరికి రావాలి. కంప్యూటర్ పుస్తకాలు చాలావరకు ఉండే చోటది. చుక్క తర్వాతి అంకెను దశాంశంగా చదవాలి. .సి15 ముందు, .సి2 తర్వాత. పదిహేను రెండుకన్నా పెద్దది కదా అని తిరగేసి పెట్టారంటే ఆ పుస్తకం భవనంలో ఉండీ లేనట్టే. కంప్యూటరు ఉందంటుంది, అల్మరా లేదంటుంది. అందుకే అప్పుడప్పుడు వరస తప్పిన పుస్తకాల కోసం అరలన్నీ మొదటినుంచి చివరిదాకా చదివించాలి. షెల్ఫ్ రీడింగ్ అంటాం. ఇంత విసుగు పుట్టించే పని క్యాంపస్‌లో ఇంకోటి ఉండదు. సరిగ్గా చేస్తే ఏమీ జరగదు, ఎవరికీ తెలియదు. చేసినవాడికి దక్కాల్సిన మర్యాద ఏమిటంటే, సూపర్‌వైజరు లేచి ఆ వరస దాకా నడిచి వెళ్లి చూడటం. కుర్చీలోంచే "గుడ్ జాబ్" అంటే, చూడలేదని వాళ్లకు తెలిసిపోతుంది.

నాలుగో అంతస్తులో పీఎల్4780 దగ్గర మాత్రం మన పిల్లల బండి కాస్త ఎక్కువసేపు ఆగుతుంది. తెలుగు సాహిత్యం అక్కడుంటుంది. ఇక్కడికి ఇన్ని తెలుగు పుస్తకాలు ఎలా వచ్చాయంటే, దాని వెనక గోధుమల కథ ఉంది. 1954 నాటి పబ్లిక్ లా 480 కింద అమెరికా మనకు ధాన్యం పంపింది. మనం రూపాయల్లో బాకీ తీర్చాం. ఆ రూపాయల్లో కొంత పెట్టి 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మన దేశంలో అచ్చయిన పుస్తకాలు కొని ఇక్కడి విశ్వవిద్యాలయాలకు పంపించింది. ఇలా ఒక తరం తిన్న గోధుమలకు బదులుగా వచ్చిన నవలల ముందు, ఇంకో తరం గంటల జీతం మీద నిలబడి దొంగచాటుగా రెండు పేజీలు చదువుకుంటుంది. ఆ పది నిమిషాలు నేను జీతంలో కోయను.

ఏప్రిల్‌లో ఒక వారం దేశమంతటా కళాశాలలు విద్యార్థి ఉద్యోగుల వారం జరుపుతాయి. పిజ్జా, చాక్లెట్లు, టీషర్టు, ఒకరికి "ఈ ఏటి ఉత్తమ విద్యార్థి ఉద్యోగి" అని జ్ఞాపిక. పిజ్జా మీద నాకు కోపం లేదు. మాంసం లేనివి సగానికి పైగా తెప్పించమని పోరాడి సాధించుకున్నాను కూడా; లేకపోతే మన పిల్లలు చీజ్ ముక్క దొరక్క చిప్స్ తిని వెళ్లిపోతారు. కానీ అందరికీ ఒకే కార్డు మీద ఒకే వాక్యం అచ్చేసి పంచితే, ఆ రాత్రికే అది చెత్తబుట్టలో చేరుతుంది. దానికన్నా అయోవా విశ్వవిద్యాలయంవాళ్లు 2009లో మొదలుపెట్టిన పద్ధతి మెరుగు. సూపర్‌వైజరు సెమిస్టరుకి రెండుసార్లు ఒక్కొక్కరితో కాసేపు కూర్చుని అడుగుతాడు: ఈ పని నీ చదువుతో ఎలా పొసగుతోంది, ఇక్కడ నేర్చింది క్లాసులో ఎక్కడ పనికొచ్చింది, క్లాసులో నేర్చింది ఇక్కడ ఎక్కడ పనికొచ్చింది, రేపు నీ వృత్తిలో ఏది వాడతావు. అంతే.

ఆ ప్రశ్నలు యథాతథంగా అడిగితే మనవాళ్ల జవాబు "అంతా బాగుంది మేడమ్". అందుకని నేను చుట్టు తిరిగి వస్తాను. "మొన్న రాత్రి ఆలస్య రుసుము కట్టనని ఒకాయన అరిచాడటగా, ఏం చెప్పావు?" అంటే అప్పుడు కథ మొదలవుతుంది. అతన్ని ఎలా కూర్చోబెట్టాడో, రసీదు ఎలా వెతికాడో, తప్పు మాదేనని తేలాక ఏమన్నాడో, అభినయంతో సహా చెబుతాడు. "ఇది రెజ్యూమేలో రాశావా?" అంటే తెల్లబోతాడు. రెజ్యూమే నిండా పైథాన్ ప్రాజెక్టులు. అవే ప్రాజెక్టులు క్లాసులో అందరి రెజ్యూమేల్లోనూ ఉంటాయి. అర్ధరాత్రి ఒంటరిగా ఒక భవనానికి బాధ్యత వహించిన సంగతి మాత్రం దాచేస్తాడు, అదేదో నామోషీ అయినట్టు.

నామోషీలోనూ అంతస్తులున్నాయి. టీఏ, ఆర్‌ఏ (టీచింగ్, రీసెర్చ్ అసిస్టెంట్) దొరికితే ఇంటికి వెంటనే ఫోన్. లైబ్రరీ అయితే పండక్కి చేసిన ఫోన్లో ఓ మాట. డైనింగ్‌లో గిన్నెలు కడిగితే అసలు చెప్పరు, "క్యాంపస్‌లో చేస్తున్నా నాన్నా" అని ఊరుకుంటారు. ఒకసారి ఒంగోలు నుంచి ఒక తండ్రిగారు నా నంబరు ఎలాగో సంపాదించి ఫోన్ చేశారు. "మావాడు మీ దగ్గర చేస్తున్నాడంట, ఎట్టా చేస్తున్నాడమ్మా?" ఇక్కడ 1974 నాటి ఫెర్పా అనే చట్టం ఉంది. విద్యార్థిగా ఉన్నందువల్ల వచ్చిన ఉద్యోగం వివరాలు కూడా విద్యార్థి రికార్డే. అతని అనుమతి లేకుండా కన్నతండ్రికైనా చెప్పరాదు. "చెప్పకూడదండీ" అన్నాను. అవతల గొంతు మారిపోయింది. "ఏం చేశాడమ్మా?" ఏం చేయలేదని చెప్పినా అది అతని గురించి చెప్పడమే అవుతుంది. ఆయన చేత ఎండల గురించీ, పొగాకు ధర గురించీ ఓ పావుగంట మాట్లాడించి, పెట్టేసి, పిల్లవాణ్ణి పిలిచి "డెస్కు వదిలి వెళ్లి మీ నాన్నగారికి వీడియో కాల్ చేసి, పుస్తకాల మధ్య నిలబడి మాట్లాడు, ఇప్పుడే" అన్నాను. ఆ కాల్‌కి పట్టిన సమయమూ జీతంలో కోయలేదు.

పెద్ద మీటింగుల్లో "మనమంతా ఒక కుటుంబం" అన్న మాట వినబడినప్పుడల్లా నాకు జీతాల పెంపు ఈ ఏడూ లేదని అర్థమైపోతుంది. ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. చాలా రాష్ట్రాలు తమంతట తాము పెంచుకున్నాయి, మాది పెంచలేదు. క్యాంపస్‌లో అంతకన్నా కాస్త ఎక్కువే ఇస్తాం గానీ, వీధి చివర కాఫీ కొట్టు ఇచ్చేదానికన్నా తక్కువ. స్థానిక విద్యార్థి కాఫీ కొట్టుకు వెళ్లగలడు. మన పిల్లవాడు వెళ్లలేడు, వీసా ఒప్పుకోదు. ఆ సంగతి తెలిసి అతని విధేయతను పొగడటం నాకు చేతకాదు. కొన్నిచోట్ల పిల్లలే కదిలారు. అయోవాలోని గ్రిన్నెల్ కళాశాలలో డైనింగ్ పిల్లలు 2016లో యూనియన్ పెట్టుకున్నారు. 2024లో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీలో సుమారు ఇరవై వేల మంది విద్యార్థి ఉద్యోగుల తరఫున యూనియన్‌కు ఓటు పడింది.

మా దగ్గర యూనియన్ లేదు. ఉన్నదల్లా ఖమ్మం నుంచి వచ్చిన ఒకమ్మాయి నోటుపుస్తకం. రాత్రి షిఫ్టుల్లో ఏ గంటకు ఎంతమంది వచ్చారో, ఏం అడిగారో, వాటిలో తాము తీర్చలేకపోయినవి ఎన్నో, ఎవరూ చెప్పకుండానే సెమిస్టరంతా రాసి పెట్టింది. పగలు ఫుల్-టైమ్ ఉద్యోగులం నలుగురం ఉన్నప్పుడు వచ్చేవాళ్లకన్నా, రాత్రి పదికి ఇద్దరు పిల్లలున్నప్పుడు వచ్చేవాళ్లే ఎక్కువని దాంతో తేలింది. గంటకు డాలరు పెంచమని నేను రాసిన కాగితానికి ఆ పట్టికలు జత చేశాను. ఏప్రిల్ పిజ్జాలకు అడిగిన రోజే సంతకం పడింది. ఈ కాగితం మాత్రం రెండు ఆఫీసులు దాటి మూడోదాంట్లో ఉంది. పోయిన వారం అక్కడినుంచి ఫోనొచ్చింది, ఈ లెక్కలు తీసిందెవరని. ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, స్పీకర్ నొక్కి, ఆమె పేరు ఇంటిపేరుతో సహా ఒక్కో అక్షరం స్పెల్లింగ్ చెప్పాను.