బిస్కెట్ల డబ్బాలో మా మేనత్త

"సావనీరుకి ఏదైనా రాయవోయ్" అని మా యూనియన్ కార్యదర్శి అడిగితే, పాత ఫొటోల గురించి రాస్తానన్నాను. "అదేం సబ్జెక్టయ్యా! పెళ్ళి ఆల్బం చూపించి మమ్మల్ని చంపుతావా?" అన్నాడు. అతనన్నదీ నిజమే. పరాయివాళ్ళ ఆల్బం తిరగెయ్యడమంత శిక్ష మరొకటి లేదు. కాని నేను చెప్పబోయేది ఆల్బంలోకి ఎక్కకుండా పోయిన ఒక మనిషి సంగతి గనుక, చదువరులు కాస్త ఓపిక పట్టాలి.

మాది దివిసీమ, కోడూరు దగ్గర పల్లె. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన గురించి మీలో చాలామంది పెద్దల నోట వినే ఉంటారు. ఆ రోజు మా ఇల్లు పోయింది, గొడ్డూగోదా పోయింది, నాలుగేళ్ళ మా మేనత్త పోయింది. అందరూ 'బుజ్జి' అని పిలిచేవారట. ట్రంకుపెట్టెతోపాటు ఇంట్లో ఉన్న నాలుగు ఫొటోలూ కొట్టుకుపోయాయి. "మొదట్లో దాని మొహం కళ్ళకి కట్టినట్టుండేది. ఇప్పుడు తలుచుకుంటే మీ నాన్న మొహమే వస్తోందిరా" అని ఓసారి మా నాయనమ్మ అంది. ఆ మాటకి ఏం జవాబు చెప్పాలో నాకు తోచలేదు.

కిందటి వేసవి సెలవుల్లో బెజవాడ తాతయ్య, అంటే మా నాయనమ్మ తమ్ముడు, ఇల్లు మారుతూ ఒక బిస్కెట్ల డబ్బా నా చేతిలో పెట్టాడు. "కంప్యూటర్లోకి ఎక్కుతాయేమో చూడు. లేకపోతే పారెయ్" అన్నాడు. అందులో కొన్ని ప్రింట్లు, ఓ యాభై నెగటివులు, అట్టచట్రాల్లో బిగించిన ఓ పాతిక స్లయిడ్లు ఉన్నాయి. ఆ రోజుల్లో తాతయ్యకి ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా ఉండేది. 120 రీలు వేస్తే 12 ఫొటోలు వచ్చేవి. ఒక్కో నెగటివూ ఆరేసి సెంటీమీటర్ల చదరం.

మూతలో లైటున్న స్కానరొకటి మా సీనియర్ దగ్గర అరువు తెచ్చాను. మామూలు స్కానరు కాగితం మీద పడి వెనక్కొచ్చిన వెలుగుని పట్టుకుంటుంది. ఫిల్ముకి అది చాలదు, వెలుగు అందులోంచి దూరి రావాలి. అందుకే మూతలో లైటు.

మొదటి రోజు నేను చేసిన ఘనకార్యాలు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. ప్రింట్లన్నీ 150 డీపీఐలో స్కాన్ చేసి, పెద్దవి చేసి చూస్తే బూడిద చల్లినట్టున్నాయి. మళ్ళీ అన్నీ 600లో చెయ్యాల్సొచ్చింది. ఒక నెగటివుని జేబురుమాలుతో తుడిచి, పెళ్ళికూతురి బుగ్గ మీద గీత పెట్టాను. గాలి ఊదే రబ్బరు బుడ్డి, చేతికి నూలు తొడుగులు ఉండాలని ఆ తర్వాత తెలిసింది. దుమ్ము మచ్చలు తనంతట తనే తుడిచే సదుపాయం స్కానరులో ఉందని సంబరపడ్డాను. అది ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో పనిచేస్తుంది. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములో బొమ్మని కట్టేది వెండే గనుక ఆ కిరణాలకి అదీ అడ్డమే. బొమ్మనే మచ్చ అనుకుని చెరిపేస్తుంది. చచ్చినట్టు మౌస్ పట్టుకుని ఒక్కొక్క మచ్చా నేనే తీశాను. డబ్బా అడుగునున్న నాలుగు ముక్కలు వెనిగర్ వాసన కొట్టాయి. అంటే ఫిల్ము కుళ్ళడం మొదలైందన్నమాట. వాటిని వేరే కవర్లో పెట్టి ముందు వాటినే చేశాను.

మూడో రోజు రాత్రి మా చిన్న నాయనమ్మ పెళ్ళి నెగటివు వంతు వచ్చింది. 1977 మాఘమాసంలో, ఉప్పెనకి తొమ్మిది నెలల ముందు, మా ఊళ్ళోనే జరిగిన పెళ్ళి. ఆ ఫొటో నాకు తెలుసు. తాతయ్యగారి గోడకి ఎన్నేళ్ళుగానో వేలాడేది. పందిట్లో పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, అంతే.

2400లో స్కాన్ చేసి, నలుపుతెలుపులు తిరగేసి చూశాను. గోడ మీది ఫొటో కన్నా ఇది వెడల్పుగా ఉంది! అసలు సంగతేమిటంటే, చదరపు నెగటివుని నిలువుపాటి కాగితం మీద ముద్రించాలంటే రెండు పక్కలా కొంత కోత పడక తప్పదు. ఆ కోతలో పోయిన ఎడమపక్క, పందిరి రాట పట్టుకుని ఒక చిన్నపిల్ల నిలబడి ఉంది. షట్టరు పడే క్షణంలో తల తిప్పినట్టుంది, మొహం కాస్త చెదిరింది.

నాయనమ్మని లేపడమా, తెల్లారేదాకా ఆగడమా? ఆ పిల్ల మరెవరో అయితే? వెయ్యిసార్లు ఆలోచించి పొద్దున్నే, ఏమీ చెప్పకుండా, తెర ముందు కూచోబెట్టాను. కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది. మొహం వైపు కాదు, గౌను వైపు.

"ఆ కుచ్చులు నేను కుట్టినవే" అంది. "గుడ్డ చాలక అడుగున వేరే గుడ్డ అతికాను. చూడు."

పెద్దది చేసి చూపించాను. అతుకు ఉంది.

ఆవిడ ఏడవలేదు. "మరి ఇన్నాళ్ళూ తమ్ముడింటికి వెళ్ళినప్పుడల్లా ఆ ఫొటో కిందే పడుకున్నానుగా" అని మాత్రం అంది.

మా తమ్ముడు ఊరుకుంటాడా! ఫోనులో ఏదో ఏఐ యాప్‌లో వేసి క్షణంలో ఆ మొహాన్ని అద్దంలా తేర్చాడు. చక్రాల్లాంటి కళ్ళు, చక్కని ముక్కు. నాయనమ్మ చూసి, "ముద్దొస్తోంది. ఎవరి పిల్లరా?" అంది. వాడు మారుమాట్లాడకుండా చెరిపేశాడు. ఆ యంత్రం లక్షల మొహాలు చూసి ఉండొచ్చు. మా బుజ్జిని మాత్రం చూడలేదు కదా!

చెదిరింది చెదిరినట్టే, ఏ పక్కా కోయకుండా, చదరంగా ప్రింటు వేయించాం. ఇప్పుడది నాయనమ్మ మంచం దగ్గరుంది. ఫైళ్ళు మాత్రం మూడు చోట్ల దాచాను: ఇంట్లో రెండు, బెజవాడలో ఒకటి. ఒక్కచోట ఉంచితే ఏమవుతుందో మా ఇంట్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. నెగటివులు కూడా పారెయ్యలేదు.

మిత్రులారా! ఈసారి సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు అటక మీది డబ్బా కిందికి దించండి. పక్కన పెద్దవాళ్ళని కూచోబెట్టుకుని, ఎవరు ఎవరో అడిగి రాసుకోండి. స్కానరు ఇవాళ కాకపోతే రేపు దొరుకుతుంది. గౌను అతుకు గుర్తుపట్టే మనిషి దొరకదు.