ఇనప కాళ్ళు

"మీకేంట్రా, మీవి ఇనప కాళ్ళు" అనేవాడు మాకు పరుగు నేర్పించినాయన. పొగుడుతున్నాడనే అనుకునేవాణ్ణి. పదిహేనేళ్ళవాడికి అంతకంటే ఏం అర్థమవుతుంది? ఇంటికొచ్చి అమ్మకి గొప్పగా చెప్పాను కూడా. అమ్మ పొయ్యి ఊదుతూ, "ఇనప కాళ్ళయితే మీ నాన్న రాత్రుళ్ళు అలా మూలగడెందుకురా?" అంది. ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు.

మాది కొవ్వూరు. పుష్కరాలకి వచ్చిపోయినవాళ్ళకి గోష్పాద క్షేత్రం గుర్తుంటుంది. సంస్కృతం చదివినవాళ్ళకి గీర్వాణ విద్యాపీఠం గుర్తుంటుంది. ఏటిగట్టు కింద మా మాలపేట ఎవరికి గుర్తుంటుంది? నాన్న ఇసక ర్యాంపులో లారీలకి లోడెత్తేవాడు. అమ్మ నాట్లకీ కలుపులకీ వెళ్ళేది. నాకు ముందు మా ఇంట్లో పదో తరగతి దాటినవాళ్ళు లేరు. ఇవాళ నేను గవర్నమెంటు హైస్కూల్లో సోషల్ మేస్టార్ని. 2012 డీఎస్సీలో ఉద్యోగమొచ్చింది. చదువు సంగతి ఇంకెప్పుడైనా రాస్తాను. ఇది కాలి సంగతి.

నాకు పరుగు నేర్పింది నిజానికి క్యారేజీ. మధ్యాహ్నం బడి వదిలిన గంటలో ఇంటికెళ్ళి, క్యారేజీ తీసుకుని, గట్టు మీదుగా ర్యాంపుకెళ్ళి నాన్నకిచ్చి, మళ్ళీ గంట కొట్టేసరికి బళ్ళో ఉండాలి. నడిస్తే కుదరదు. పరిగెడితే పప్పుచారు తొణుకుతుంది. తొణికితే నాన్న ఏమనడు గానీ, ఒట్టి అన్నం తింటుంటే చూడలేం. అందుకని నడుం పైభాగం కదలకుండా కాళ్ళతోనే పరిగెత్తడం అలవాటైంది. హైస్కూల్లో మొదటిసారి గ్రౌండు చుట్టూ పరిగెత్తినప్పుడు, "వీడి పై ఒళ్ళు కదలట్లేదు చూశావా, ఎవరు నేర్పార్రా?" అని అడిగారు. ఏం చెప్పను? పప్పుచారు నేర్పిందని చెప్పనా?

ఎనిమిది వందల మీటర్లు నా పందెం. నాలుగు వందల మీటర్ల ట్రాకు మీద రెండు రౌండ్లు. మొదటి రౌండు ఎవడైనా పరిగెడతాడు. రెండో రౌండు సగమయ్యేసరికి తొడల్లోకి సీసం పోసినట్టుంటుంది, గొంతులో ఇత్తడి వాసనొస్తుంది. నూరు మీటర్లవాడికి ఇది తెలీదు, వాడి పని పది పన్నెండు సెకండ్లలో అయిపోతుంది. దూరం పరిగెత్తేవాడికీ తెలీదు, వాడు మెల్లిగా పోతాడు. మధ్యదూరంవాడికి రెండు బాధలూ ఉన్నాయి. నాకది నచ్చింది. ఎందుకు నచ్చిందని అడిగితే చెప్పలేను.

2004 ఆగస్టు. పదో తరగతి, ఎస్సీ హాస్టలు. ఏథెన్స్ ఒలింపిక్స్ జరుగుతున్నాయి. జె.జె. శోభ పేరు ఈ తరం పిల్లలకి తెలుసో లేదో. పుట్టింది కర్ణాటకలో ధార్వాడ వైపు. ఉద్యోగం మన దక్షిణ మధ్య రైల్వేలో, ఉండేది సికింద్రాబాద్‌లో. అందుకే ఆమె మన మనిషే అనుకునేవాళ్ళం. ఆమెది హెప్టథ్లాన్. రెండు రోజుల్లో ఏడు పందేలు, చిట్టచివరిది ఎనిమిది వందల మీటర్లు. దానికి ముందు జావెలిన్ విసిరేటప్పుడు ఆమె చీలమండకి దెబ్బ తగిలింది. ఎత్తుకుని బయటికి తీసుకెళ్ళారు. అయిపోయిందనుకున్నారంతా. ఎడమ చీలమండకి కట్టుతో మళ్ళీ వచ్చి నిలబడింది. పరిగెత్తింది. తన హీట్‌లో మూడోదిగా వచ్చింది. మొత్తమ్మీద 6172 పాయింట్లతో పదకొండో స్థానం. ఆ బొమ్మ పేపర్లోంచి కత్తిరించి హాస్టల్లో నా ట్రంకుపెట్టె మూత లోపల అన్నం మెతుకులతో అంటించాను. పెట్టె తెరిచినప్పుడల్లా ఆ కట్టే కనపడేది. కాలు విరిగినా పరిగెత్తాల్రా, అదీ మగతనం అని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. ఆడమనిషి బొమ్మ చూసి మగతనం అనుకోవడమేంటో! ఆ వయసు అలాంటిది.

ఆ బొమ్మని నేను తప్పు చదివాను. ఆమెది ఒలింపిక్స్‌లో ఆఖరి పందెం, పక్కన కట్టు కట్టే మనుషులున్నారు. పరుగయ్యాక ఆ కాలిని ఏం చెయ్యాలో తెలిసినవాళ్ళున్నారు. నాకెవరున్నారు?

2005లో ఇంటర్ మొదటి సంవత్సరం. అక్టోబరు నుంచి కుడికాలు మోకాలి కింద ముందు ఎముక మీద ఒకేచోట నొప్పి. వేలు పెడితే సరిగ్గా ఆ వేలంత మేరే. పొద్దున్న లేవగానే ఉండేది కాదు, పరుగు మొదలెట్టిన కాసేపటికి వచ్చేది. తర్వాత నడిచినా వచ్చేది. తర్వాత పడుకున్నా వచ్చేది. గట్టి నేల, అరిగిపోయిన కాన్వాసు బూట్లు, నీళ్ళచారు, వారానికో గుడ్డు. రోజుకి రెండుపూటలా పరుగు. నొప్పి అని చెబితే ఆ నేర్పించినాయన నవ్వాడు. "ఇనప కాళ్ళకి నొప్పేంట్రా? మీవాళ్ళు పొద్దుగూకులూ బురదలో నిలబడతారు. మా పిల్లలైతే చెప్పు, నమ్ముతాను." ఒకచోట ఎక్స్‌రే తీశారు. అందులో ఏమీ కనపడలేదు. "ఏం లేదు, నాటకాలు" అన్నారు. ఆ మాట గ్రౌండు దాకా వచ్చింది. అంతే, నేను నాటకాలవాణ్ణయ్యాను. ఆ ఎముక చీలిక మొదట్లో ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడదనీ, రెండు మూడు వారాలు గడిచాకనే తెలుస్తుందనీ తర్వాత ఒక ఎముకల డాక్టరు చెబితే తెలిసింది.

నవంబర్లో పోటీలు. అమ్మ పాత చీర పీలిక చించి పిక్క చుట్టూ బిగించి కట్టుకున్నాను. ట్రంకుపెట్టెలో బొమ్మకి దణ్ణం పెట్టుకుని బయల్దేరాను. మొదటి రౌండు రెండోవాణ్ణి. రెండో రౌండు, వెనకవైపు తిన్ననిచోట, లోపల ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడు. చెవికి వినపడలేదు, ఒంటికి వినపడింది. అయినా ఆగలేదు. ఆగితే నాటకమంటారని. కుంటుతూ గీత దాటి పడ్డాను. పైనుంచి ఎవరో, "కట్టు కట్టుకొచ్చి మరీ యాక్షన్ చేస్తున్నాడు" అనడం బాగా గుర్తు.

రాజమండ్రిలో ఒక పెద్ద వయసు డాక్టరు సిమెంటు కట్టు వేశాడు. పుత్తూరు కట్టు వేయించమని మా పేటంతా సలహా. పుత్తూరెక్కడ, కొవ్వూరెక్కడ! ఆయన మాత్రం నా కాలి సంగతి కాకుండా నేనేం తింటానో అడిగాడు. చెప్పాను. ఎముకకి రోజూ చిన్న చిన్న దెబ్బలు తగులుతాయనీ, తిండీ నిద్రా విశ్రాంతీ ఉంటే అది తనే బాగుచేసుకుంటుందనీ, ఆ వ్యవధి ఇవ్వకపోతే వెంట్రుకంత చీలిక పడి పెద్దదవుతుందనీ చెప్పాడు. "పరుగు వల్ల కాదబ్బాయ్, ఆగకపోవడం వల్ల" అన్నాడు.

ఆగడం! మా ఇంట్లో ఆ మాటే లేదు. నాన్న నడుం పట్టేసినరోజు కూడా తువ్వాలు బిగించి కట్టుకుని ర్యాంపుకి పోయాడు. పోకపోతే రేపు ఆ లారీకి ఇంకొకణ్ణి పెట్టుకుంటారు. ఉద్యోగస్తులకి మెడికల్ లీవుంటుంది, ఆసామికి పాలేరుంటాడు, కూలోడికేముంటుంది? నేను మంచం మీద కాలు చాపుకుని కూర్చుంటే నాకే సిగ్గేసేది. ఒకరోజు కట్టుతోనే లేవబోతే అమ్మ భుజం పట్టి కూలేసింది. "మీ నాన్న నడుం పోయినప్పుడు నాలుగు రోజులు కూకోబెడితే నిలబడేది. కూకోబెట్టలేకపోయాను. నిన్ను కూకోబెడతాను. కదిలావంటే కాళ్ళిరగ్గొడతాను" అంది. విరిగిన కాలే కదమ్మా అంటే నవ్వేసింది, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా.

కూర్చోబెట్టడానికి ఖర్చవుతుంది. మందులు, గుడ్లు, పాలు. అది దాళ్వా నాట్ల కాలం. మా చెల్లి ఎనిమిదో తరగతి. అమ్మతోపాటు నాట్లకి దిగింది. పదిహేను రోజులే అనుకున్నాం. నాట్లయ్యాక కలుపులొచ్చాయి, కలుపులయ్యాక కోతలొచ్చాయి. జూన్‌లో బడికి పంపితే, తోటిపిల్లలు ముందు తరగతికి పోయారు, నేను పోను అంది. నేను గట్టిగా అడగలేదు. ఆర్నెల్లు మంచం, గట్టు, గ్రౌండు, ఇదే నా ధ్యాస. నా గురించి ఎవరైనా గాయం జయించాడు, పట్టుదల అని రాస్తే ఈ పేరా వదిలెయ్యొద్దని అడుగుతాను. ఇప్పటికీ రాఖీ కట్టడానికొచ్చినప్పుడు చెల్లి చేతులు చూడలేను.

కట్టు విప్పాక పిక్క ఎండిపోయిన చెరుకుగడలాగుంది. మొదట గట్టు మీద నడక. తర్వాత రైలు కం రోడ్డు బ్రిడ్జి. 1974లో కట్టిన బ్రిడ్జి, కింద రైళ్ళు, పైన రోడ్డు, నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. తెల్లారగట్ల లారీలు తగ్గినప్పుడు ఒక దీపస్తంభం దాకా పరుగు, తర్వాతి దాని దాకా నడక. నెల తర్వాత రెండు స్తంభాలు పరుగు, ఒకటి నడక. 1997లో రైళ్ళాపేసిన పాత హేవలాక్ బ్రిడ్జి పక్కనే కనపడుతుండేది. నొప్పొస్తే ఆగాలి అన్నది డాక్టరు మాట. ఆగడానికి చాలా ధైర్యం కావాల్సొచ్చింది. ఎవరో చూస్తున్నట్టూ, నాటకమంటున్నట్టూ ఉండేది. గోదారి తప్ప చూసేవాళ్ళెవరూ లేరక్కడ.

2006 డిసెంబర్లో మళ్ళీ గీత మీద నిలబడ్డాను. రాజమండ్రిలో ఒక కాలేజీ గ్రౌండు, సున్నంతో గీసిన ట్రాకు. ఆ నేర్పించినాయన అక్కడే ఉన్నాడు. నన్ను చూసి చూడనట్టున్నాడు. తుపాకీ పేలాక ఎనమండుగురిలో ఏడోవాణ్ణి. భయం కాలిది కాదు, చప్పుడుది. ఆ చప్పుడు మళ్ళీ వస్తుందేమోనని ప్రతి అడుగూ వింటూ పరిగెత్తాను. రెండో రౌండులో ఆ చోటు రానే వచ్చింది. ఏమీ వినపడలేదు. నా ఊపిరే వినపడింది. అప్పుడు కాలు వదిలాను. ముగ్గుర్ని దాటాను. నాలుగోవాణ్ణి, 2 నిమిషాల 11 సెకండ్లు. విరగకముందు ఐదు సెకండ్లు తక్కువ చేసేవాణ్ణి. మెడలో ఏమీ వెయ్యలేదు.

గీతవతల, మడతలు నలగని చొక్కా వేసుకుని నాన్న నిలబడి ఉన్నాడు. నాన్న కూలి మానుకోవడం నా ఎరికలో అదే మొదలు. "నాలుగోవాడివేనా?" అన్నాడు. అవునన్నాను. వంగి నా పిక్క మీద చెయ్యేసి నొక్కి చూశాడు. "నొప్పుందేట్రా?" అన్నాడు. గ్రౌండులో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే.

డిగ్రీ దాకా పరిగెత్తాను. గొప్ప కప్పులేం రాలేదు. టీచరయ్యాక తీరిగ్గా చదువుకున్నప్పుడు, ఆ ఏథెన్స్‌లోనే ఇంకో కథ ఉందని తెలిసింది. బ్రిటన్ నల్లజాతి పరుగుమనిషి కెల్లీ హోమ్స్, ఒకప్పటి సైన్యం సార్జెంటు. 1996లో అట్లాంటాలో ఇలాంటి ఎముక చీలికతోనే పరిగెత్తి 800లో నాలుగోదయింది. 1997లో ఏథెన్స్‌లోనే ప్రపంచ పోటీల హీట్స్‌లో గాయపడి ఇంటిముఖం పట్టింది. 2004లో అదే ఊళ్ళో, 34 ఏళ్ళ వయసులో, 800, 1500 రెండింటిలోనూ బంగారం. మధ్యలో ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళూ ఎవరూ బొమ్మ వెయ్యరు. కట్టుతో పరిగెత్తిన రోజే బొమ్మవుతుంది.

మనవాళ్ళలో ఇంకో అమ్మాయి ఉంది. తమిళనాడు పుదుక్కోట్టై శాంతి సౌందరరాజన్, ఇటుకబట్టీ కూలీల దళిత బిడ్డ. 2006 దోహా ఆసియా క్రీడల్లో ఇదే 800 మీటర్లలో వెండి. లింగ నిర్ధారణ పరీక్షని చెప్పి పతకం వెనక్కి లాక్కున్నారు. ఆమెకి విరిగింది కాలు కాదు. అయినా నిలబడి, కోచ్ అయింది. మా నొప్పినీ నమ్మరు, మా గెలుపునీ నమ్మరు.

కొవ్వూరు 2009 ఎన్నికల నుంచి ఎస్సీ రిజర్వుడు. 2022 నుంచి తూర్పు గోదావరి జిల్లాలో ఉంది. జిల్లాలు మారాయి, మా పిల్లల బూట్లు మారలేదు. మా బళ్ళో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఉంది, మా పేటదే. నాకంటే బాగా పరిగెడుతుంది. పోటీలు రెండు వారాలున్నాయనగా, మెట్లు దిగుతూ కుడికాలు ఆపుకోవడం చూశాను. పిలిచి ఎముక మీద వేలు పెట్టాను. పిల్ల పళ్ళు బిగించింది. "నొప్పి లేదు మేస్టారూ" అంది. ఆ అబద్ధం నాకు కొత్త కాదు. పేరు కొట్టేయించాను. తోటి మేస్టారొకాయన, "వీళ్ళు తట్టుకుంటారండీ, గట్టిపిండాలు" అన్నాడు. ఈయన ఇనుమనలేదు, అంతే.

సాయంత్రం వాళ్ళమ్మ వచ్చింది, నాట్ల బురద కాళ్ళతో. "సర్టిఫికెట్టుంటే రేపు దానికి ఎక్కడైనా సీటొస్తాదన్నారు కదా మేస్టారూ. మీరూ మనోళ్ళే, మీరే కొట్టేస్తే ఎలాగ?" అంది. ఎముక గురించి చెప్పాను, విశ్రాంతి గురించి చెప్పాను, పాలూ గుడ్లూ చెప్పాను. చెబుతుంటే నా చెల్లి గుర్తొచ్చి మాట ఆగిపోయింది. ఈ పిల్లని కూర్చోబెట్టడానికి వాళ్ళింట్లో ఎవరు నిలబడాలి? గుడ్లకీ పాలకీ నేనిస్తానన్నాను. ఆవిడ నావంక అదోలా చూసి, "ఎన్నాళ్ళిస్తారు?" అని వెళ్ళిపోయింది.

పోటీలు అయిపోయాయి. మా బళ్ళోంచి ఎవరూ గెలవలేదు. పిల్ల నాతో మాట్లాడటం లేదు. ఆరువారాలయ్యాక నిన్న పొద్దున్నే గట్టు మీద కనపడింది. ఒక కరెంటు స్తంభం దాకా పరుగు, తర్వాతి దాని దాకా నడక. నేను చెప్పిందే చేస్తోంది. సైకిలు ఆపాను. నన్ను చూసి మొహం తిప్పుకుని, నడవాల్సిన స్తంభం కూడా పరిగెత్తుకుంటూ వెళ్ళిపోయింది.