మే నెలలో పూడ్చిన సందులు

మా అమ్మమ్మ చెయ్యి విరగడానికి కారణం నేనే. ఇంట్లో ఎవరూ ఆ మాట అనలేదు. అందుకే నేనే ముందు చెప్పేస్తున్నా.

అమ్మమ్మ వాళ్ళది కోనసీమలో ఒక లంక ఊరు. పాత మండువా ఇల్లు. మధ్యలో వాన పడే మండువా, చుట్టూ వసారాలు, వీధి వైపు హాలు మీద ఒక చెక్కమేడ. చెక్కమేడ అంటే మనలో చాలామందికి తెలియకపోవచ్చు. స్లాబు ఉండదు. గోడ నుంచి గోడకి టేకు దూలాలు, వాటి మీద అడ్డంగా టేకు పలకలు, అంతే. కింద హాల్లో పడుకుని చూస్తే అదే సీలింగు, పైన నడిస్తే అదే నేల. ఫ్లాట్లలో పెరిగిన నాకు నేల అంటే టైల్సే. నడిస్తే చప్పుడు చేసే నేల నేను చూసింది అక్కడ ఒక్కచోటే. చిన్నప్పుడు ఎవరు పైకి వస్తున్నారో ఆ కిర్రుమనే చప్పుడుని బట్టి చెప్పేసేవాణ్ణి.

ఆ పలకలు ఒక్కొక్కటి దాదాపు ఎనిమిది అంగుళాల వెడల్పు. ఇప్పుడు అంత వెడల్పు టేకు కొనాలంటే మాటలు కాదు. పూర్వం పాపికొండల పైనుంచి దుంగల్ని తెప్పలుగా కట్టి గోదావరిలో రాజమండ్రికి దించేవారు. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక డెల్టా అంతా కాలవలు పడ్డాయి, వాటిలో పడవలు తిరిగాయి. మా ముత్తాత రాజమండ్రిలో కొన్న కర్ర కూడా కాలవ పడవలోనే వచ్చిందని అమ్మమ్మ చెప్తుంది. ఆ నీళ్ళ మీద వచ్చిన కర్రే తర్వాత మావాళ్ళని నీళ్ళ నుంచి కాపాడింది.

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద గురించి మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళని అడగండి. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు. మా అమ్మకి అప్పుడు తొమ్మిదేళ్ళు. హాల్లోకి నడుంలోతు నీళ్ళు వచ్చాయి. అమ్మమ్మ పిల్లల్నీ, రెండు బియ్యం బస్తాల్నీ, కిరసనాయిలు పొయ్యినీ చెక్కమేడ ఎక్కించింది. మూడు రాత్రులు అక్కడే. పలకల సందుల్లోంచి కింద నీళ్ళు కదలడం కనిపించేదని అమ్మ ఇప్పటికీ చెప్తుంది. అప్పటినుంచీ ఏటా జులై రాగానే అమ్మమ్మ పొలం కాగితాలూ, ఊరగాయ జాడీలూ పైకి చేరుస్తుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర మళ్ళీ 71 అడుగులు దాటినప్పుడు కూడా అవన్నీ పైనే ఉన్నాయి.

సమస్య ఏంటంటే, మామయ్యకి ఆ మేడ వద్దు. ఆయన తప్పు కూడా కాదు. పెంకులు కారుతున్నాయి. పైన నడిస్తే సందుల్లోంచి దుమ్ము కింద హాల్లో కంచాల్లో పడుతుంది. పాత టేకుకి మంచి ధర ఉంది, అమ్మేస్తే స్లాబు ఖర్చులో కొంత వచ్చేస్తుంది. "మ్యూజియంలో కాపరం చెయ్యలేంరా అల్లుడూ" అన్నాడు పోయిన మే నెలలో. అమ్మమ్మ ఏమీ అనలేదు. లేచి పైకి వెళ్ళిపోయింది.

నేను బాగుచేసి చూపిస్తానన్నాను. నా ఆత్మవిశ్వాసానికి మూలం యూట్యూబు. నాలుగు రోజులు వీడియోలు చూశాను. రంపప్పొట్టులో చెక్క అతికే జిగురు కలిపి ముద్ద చేసి, ఇరవై పలకల మధ్య ఉన్న సందులన్నీ పూడ్చేశాను. ఆరాక శాండ్ పేపర్ పట్టాను. గోడ పక్కన వేలు పట్టేంత ఖాళీ ఉంటే అది కూడా వదల్లేదు. చివర్లో బకెట్టు నీళ్ళతో కడిగి, వార్నిష్ వేశాను. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. కింద కంచాల్లో దుమ్ము పడలేదు. మామయ్య కూడా పైకొచ్చి కాలితో రాసి చూసి "పర్లేదే" అన్నాడు. నేను ఫోటోలు స్టేటస్ పెట్టుకుని కాలేజీకి వచ్చేశాను.

జులై మూడో వారం అమ్మ ఫోన్ చేసింది. పది రోజులు విడవకుండా వాన. చెక్కమేడ మధ్యలో మూడు పలకలు అంచులు కలిసిన చోట పైకి లేచాయి. అమ్మమ్మ ఎప్పట్లాగే జాడీ పట్టుకుని పైకి వెళ్ళింది. అరవై ఏళ్ళుగా చీకట్లో కూడా నడిచిన నేల కదా, కిందకి చూడలేదు. కాలి బొటనవేలు తగిలి బోర్లా పడింది. ఎడమ మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. జాడీ కూడా పగిలింది. ఆ నేల మీద ఆవకాయ నూనె మరక ఇప్పటికీ ఉంది.

ఆ రాత్రి హాస్టల్లో కూర్చుని అసలేం జరిగిందో వెతికాను. మే నెలలో చేసిన పని ఫలితం జులైలో కనిపించిందన్నమాట. అమెరికా అటవీ శాఖవాళ్ళ వుడ్ హ్యాండ్‌బుక్ అని ఒకటుంది, ఉచితంగానే దొరుకుతుంది. దాన్నిబట్టి తెలిసిందేంటంటే, కర్ర గాల్లో తేమని పీల్చుకుంటుంది, వదులుతుంది. పొడవులో దాదాపు మారదు. వెడల్పులోనే ఉబ్బుతుంది, తగ్గుతుంది. ఎంత ఉబ్బుతుందనేది చెట్టుని బట్టీ, కోసిన తీరుని బట్టీ ఉంటుంది. టేకు మిగతా చాలా కర్రలకంటే తక్కువ కదులుతుంది. తక్కువంటే సున్నా కాదు.

లెక్క వేశాను. కర్రలో తేమ ఒక్క శాతం పెరిగితే టేకు పలక వెడల్పు గరిష్ఠంగా 0.19 శాతం దాకా పెరుగుతుంది. ఎండల్లో పెంకుల కింద ఎండిన పలకలో తేమ 10 శాతం, ముసురులో 16 శాతం అనుకుందాం. తేడా 6. పలక 200 మిల్లీమీటర్లు. అంటే ఒక్కో పలక రెండు మిల్లీమీటర్ల పైనే పెరుగుతుంది. ఇరవై పలకలకి నాలుగు సెంటీమీటర్ల పైన. ఆ నాలుగు సెంటీమీటర్లకీ చోటు పలకల మధ్య సందుల్లో, గోడ పక్కన ఖాళీలో ఉండేది. నేను దాన్ని జిగురుతో పూడ్చేశాను. పక్కకి జరగడానికి చోటు లేని పలక పైకే లేస్తుంది. మే నెల అనే ఒకే ఒక్క టెస్ట్ కేస్ పాసైతే మొత్తం ప్రోగ్రాం కరెక్ట్ అనుకున్నాను.

డల్లాస్‌లో ఉండే పిన్నికి వీడియో కాల్‌లో చెప్తే, "మా ఇంట్లో హార్డ్‌వుడ్ వేసినప్పుడు కూడా గోడల పక్కన అరంగుళం వదిలార్రా, స్కర్టింగ్ కింద కనపడదు అంతే" అంది. పలకల్ని తెచ్చిన రోజునే వెయ్యలేదట. కొన్ని రోజులు ఇంట్లోనే పేర్చి ఉంచారట, ఆ ఇంటి గాలికి అలవాటు పడాలని. నేను చూసిన వీడియోల్లో ఈ మాటలు ఉండే ఉంటాయి. నేను స్కిప్ చేసుంటాను.

దసరా సెలవుల్లో వెళ్ళాను. అమ్మమ్మ కట్టు విప్పేశారు గానీ గుప్పిట ఇంకా పూర్తిగా ముడవలేకపోతోంది. మామయ్య ఊళ్ళో పెద్ద వడ్రంగి మేస్త్రిని పిలిపించాడు. కొట్టెయ్యడానికి ఎంతవుతుందో అడగడానికే పిలిపించాడని తర్వాత తెలిసింది.

మేస్త్రి గారు లేచిన పలకల్ని ముందు చూడలేదు. గోడలోకి దూలం దిగే చోట ఉలితో పొడిచి చూశాడు. "ఇక్కడ చేవ ఉందండి. అప్పట్లో జీడినూనె పూసి దింపారు, చెద ముట్టలేదు" అన్నాడు. పెంకు కారే మూల మాత్రం దూలం అంచు మెత్తబడింది. "నేలకి రోగం నేలలో లేదండి, కప్పులో ఉంది. ముందు ఆ పెంకులు తిప్పించండి" అన్నాడు మామయ్యతో. తర్వాత నేను పూడ్చిన సందుని గోటితో గీకి, "ఇదెవరు చేశారండి?" అన్నాడు. నేనే అన్నాను. ఆయన నవ్వలేదు. "చెట్టుని కొట్టేశాం గానీ బాబూ, నీళ్ళు తాగే గుణాన్ని కొట్టెయ్యలేదండి" అన్నాడు.

ఎనిమిది రోజులు ఆయన పక్కన పనిచేశాను. సన్న ఉలితో నా జిగురంతా తవ్వి తీశాం. పెట్టడానికి రెండు రోజులు, తియ్యడానికి నాలుగు. మూడు పలకలు ఊడదీసి అంచులకి చిత్రిక పట్టాడు. ఒకటి పగిలిపోయింది, దాని బదులు పాత గాదె తలుపు చెక్క కోసి వేశాడు. పలకల్ని దగ్గరగా వేస్తుంటే భయమేసి అడిగాను. వానాకాలం చివర కర్ర ఉబ్బే ఉంటుంది, ఇప్పుడు దగ్గరగా వేసినా వేసవికి అదే విడుతుంది. అదే వేసవిలో వేస్తే సందు మనం వదలాలి. గోడ పక్కన మాత్రం ఎప్పుడైనా వదలాల్సిందే.

మరి దుమ్ము? దానికీ ఆయన దగ్గర జవాబు ఉంది. ప్రతి సందు కిందా ఒక సన్న టేకు పట్టీ కొట్టాడు. మేకులు ఒక పక్క పలకకి మాత్రమే. రెండో పలక ఆ పట్టీ మీద జరుగుతూ ఉంటుంది. దుమ్ము కిందికి పడదు, పలక కదలడం ఆగదు. నేను నాలుగు రోజుల వీడియోల్లో వెతికింది ఇదే.

ఇక రోజూ చూసుకోవడం. బకెట్టు నీళ్ళు బంద్. పొడి చీపురు, మరీ మురికైతే గట్టిగా పిండిన గుడ్డ. నీళ్ళు ఒలికితే అప్పుడే తుడవాలి. ఏడాదికోసారి అవిసె నూనె పలచగా రుద్ది, మిగిలింది పొడిగుడ్డతో తీసెయ్యాలి. ఆ నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడెయ్యకూడదు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విడదీసి ఆరుబయట ఆరెయ్యాలి.

పని అయిపోయాక అమ్మమ్మ పైకి వచ్చింది. తను పడ్డ చోట ఆగి, పాదంతో మెల్లగా నొక్కింది. "సందు ఉంచారా?" అంది. ఉంచామన్నాను. "సరే" అని కాగితాల పెట్టె తెమ్మంది. చెయ్యి గురించి మాట్లాడబోతే, "అన్నం తిన్నావా?" అంది. అంతకంటే తిట్టినా బాగుండేది.

ఇల్లు ఉంటుందో లేదో ఇంకా తేలలేదు. "పెంకులు తిప్పిద్దాం, వచ్చే వానాకాలం దాకా చూద్దాం" అన్నాడు మామయ్య. నేను వచ్చేటప్పుడు ఒక సందు పక్కన పెన్సిల్‌తో గీత గీసి, చిన్న స్టీలు స్కేలు అక్కడే వదిలేసి వచ్చాను. దసరాకి సందు అర మిల్లీమీటరు కూడా లేదు. సంక్రాంతికి వెళ్ళి కొలిస్తే ఒకటి.

పోయిన ఆదివారం నేను అడక్కుండానే మామయ్య వాట్సాప్‌లో ఫోటో పంపాడు. గీత పక్కన స్కేలు, మధ్యలో సందు. ఒకటిన్నర. కింద ఏమీ రాయలేదు.